ఇద్దరు వాయించిన పాట

హోసూరు
10 జూన్ 1984

పెద్దమామకు,

కోమల దండాలు. అత్తకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందని అమ్మ ఊత్తంగరై నుంచి రాసింది. ఇక్కడ నేను బాగున్నాను. ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లోనే ఉంచారు. ఇక అసలు సంగతికి వస్తాను.

నేను అద్దెకున్న ఆదిలక్ష్మమ్మగారి ఇంటి మేడ మీద అమెరికా దంపతులు దిగారు. ఆయన మా ఫ్యాక్టరీకి కొత్త మిషన్లు బిగించడానికి వచ్చిన ఇంజనీరు. ఆమె పేరు మార్తా. పోయిన ఆదివారం సాయంత్రం నేను మీరు నేర్పిన మోహన వర్ణం సాధన చేస్తుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చూస్తే ఆమె. నా చేతిలో మాండలిన్ చూసి, పుట్టింటివాళ్లు కనబడ్డట్టు గుమ్మంలోనే నిలబడిపోయింది.

వాళ్ల నాన్న కూడా మాండలిన్ వాయిస్తాడట! కొండల్లో పొగాకూ మొక్కజొన్నా పండించే రైతు. ఆమె పైకి పరుగెత్తి ఒక క్యాసెట్ తెచ్చి వినిపించింది. వాళ్ల ఇంటి వసారాలో పట్టిన పాట. మధ్యలో ఒక కోడి కూడా అరుస్తుంది. ఆ రకం సంగీతాన్ని బ్లూగ్రాస్ అంటారట, అంటే నీలిగడ్డి. వాళ్ల వైపు మొలిచే గడ్డి పేరే పాటకూ అంటుకుందట. ఈ పాట ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు, తాతల నాటిది. పనికోసం కొండ దిగి పోయేవాడు ఇంటివైపు తిరిగి చూసుకుంటూ పాడుకునే పాట అని చెప్పింది.

ఆ పెద్దాయనకు ఇప్పుడు ఊపిరితిత్తుల జబ్బు. మాండలిన్ ఎత్తే శక్తి లేదు. మార్తా దసరాకు ముందే తిరిగి వెళ్లిపోతుంది. ఇండియాలో ఎవరో నీ పాట వాయిస్తున్నారు నాన్నా అని ఆయనకు వినిపించాలట. నేర్చుకుంటావా అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక భయం పట్టుకుంది.

ఇంకో మాట. నీ మాండలిన్‌కు సగం తీగలు ఏవి అని అడిగింది. ఎనిమిది తీగలుంటే స్వరాన్ని ఊపే గమకం కుదరదని, తాత కాలం నుంచీ మా ఇంట్లో జంట తీగలు తీసేసి నాలుగే ఉంచుతామని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోయింది.

క్యాసెట్‌కు నకలు తీయించి బస్సు కండక్టర్ వీరప్ప చేత పంపుతున్నాను. విని, నా వల్ల అవుతుందో కాదో నిర్మొహమాటంగా రాయండి. మొహమాటం మీకు ఎటూ లేదు కదా!

మీ కోమల


కృష్ణగిరి
21 జూన్ 1984

చిరంజీవి కోమలకు,

దొరస్వామి మామ ఆశీస్సులు. ఇక్కడ అందరూ క్షేమం, మీ అత్త మోకాళ్లు తప్ప. మీ అమ్మ అబద్ధం రాసింది.

క్యాసెట్ చేరింది. మన ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు కాబట్టి మైక్‌సెట్ వరదప్ప కొట్టుకు పోయాను. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు మా పిల్లకు దొరల పాట తీపెక్కిందిలే అనుకుంటూనే పోయాను. ఒకసారి విన్నాను. ఇంకోసారి పెట్టమన్నాను. ఆ తరువాత వాడు పెడుతూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను. పాపం, వాడు ఒక పెళ్లివారింటికి హారన్లు కట్టడానికి పోవాలి. "ఇంగ చాలప్పా, రిబ్బను అరిగిపోతాది" అన్నాడు.

ఎవరమ్మా ఆ మనుషులు! పాట చాలావరకు మన మోహనమే. కానీ మోహనంలో లేని చిన్న గాంధారం ఒకటి తాకి, వెంటనే పెద్దదానికి జారిపోతాడు. తప్పు పలికాడని మొదట నాకు కోపం వచ్చింది. మళ్లీ అదే చోట అలాగే పలికాడు. తెలిసి చేస్తున్నాడు, మహానుభావుడు. గమకం పేరెత్తడు, అయినా ఎక్కడా చప్పగా ఉండదు. కొండ దిగేవాడి నడక ఎలా ఉంటుందో ఆ చేతిలో ఉంది. ఆయన ఎదురుగా ఉంటే కాళ్లకు దండం పెట్టేవాణ్ణి.

అయితే ఒక సంగతి నువ్వు గమనించినట్టు లేదు. వాయించేది ఒకరు కాదు. ఒకేసారి రెండు స్వరాలు వినిపిస్తున్నాయి. ఒక మనిషి ఒకసారికి ఒక స్వరమే కదా పలికించేది? ఒకడు పాట నడుపుతుంటే ఇంకొకడు పక్కనే ఆనుకుని నడుస్తున్నాడు. మూడోవాడెవడో చెక్క మీద తాళం కొడుతున్నాడు. వరదప్ప కూడా ముగ్గురే అన్నాడు. ఆ మాండలిన్ల వాళ్లిద్దరూ అన్నదమ్ములై ఉండాలి. ఒకడు ఊపిరి పీల్చే లోపల ఇంకొకడు అందుకుంటున్నాడు. ఒక తల్లి పాలు తాగితే తప్ప అంత ఒద్దిక రాదు.

కాబట్టి ఇది నీ ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. నీకు జతగా నేను కూర్చోవచ్చు, కానీ రోజూ పక్కపక్కన కూర్చుంటే తప్ప ఇది కుదరదు. నువ్వు హోసూరులో, నేను అంగడిలో. కృష్ణగిరిలో నాకు జతగా కూర్చోగలవాడు ఎవడూ లేడు. కావేరిపట్టణంలో ఒకడున్నాడు. వాడి పేరు నా దగ్గర ఎత్తవద్దు.

మామ


హోసూరు
8 జూలై 1984

పెద్దమామకు దండాలు.

మీరు పేరు ఎత్తవద్దన్నారు, ఎత్తను. కావేరిపట్టణంలో మామిడికాయల మండీ నడిపే ఒక మనిషి అని మాత్రం అంటాను.

ముందు నా అవస్థ వినండి. రోజూ డ్యూటీ నుంచి వచ్చి ఆ పాటతో కుస్తీ పడుతున్నాను. తీగలు మీటే ప్లాస్టిక్ ముక్క కిందికీ పైకీ ఆగకుండా పోవాలి, ఒక్క దెబ్బ తప్పినా పాట కుంటుతుంది. నా వేలు అలవాటు కొద్దీ ప్రతి స్వరానికీ గమకం వేస్తుంది. గమకం వేయగానే ఆ పాట కొత్తల్లుడిలా ముస్తాబై కూర్చుంటుంది, కదలదు. "ఏమమ్మా, బట్టలు కుట్టే మిషను తెచ్చినావా?" అని ఆదిలక్ష్మమ్మగారు అడిగారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను మాండలిన్‌ను తిట్టాను.

ఇక ఆ మండీ మనిషి. ఆరేళ్ల కిందట శ్రీరామనవమి భజనలో నలుగురి ముందు "శ్రుతి చూసుకోరా" అని మీరన్నారు. ఆయన మాండలిన్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి మీ ఇంటి శుభలేఖ ఆయనకు పోస్టులో, ఆయన తోట పళ్లు మీకు ఎవరి చేతనో. ఒకే తల్లి పిల్లలు, ఒకే తాత దగ్గర కూర్చుని వాయించినవాళ్లు! పండగ వస్తే అమ్మ ఒక అన్నను పొద్దున, ఇంకో అన్నను సాయంత్రం పిలుస్తుంది. మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని ఏడుస్తుంది. ఇది మీకు ఎవరూ చెప్పి ఉండరు.

ఒద్దిక ఒక తల్లి పాలతోనే వస్తుందని రాసింది మీరే మామా, నేను కాదు.

మార్తాకు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. పెద్దాయన ఇప్పుడు కుర్చీలోంచి లేవడం లేదట. నేను గుమ్మం దాటితే చాలు, "పాట వచ్చిందా?" అన్నట్టు చూస్తుంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆ రెండో మాండలిన్ ఎవరిదో ఈ సాయంత్రం ఆమెను అడుగుతాను.

మీ కోమల


కృష్ణగిరి
30 జూలై 1984

చి. కోమలకు,

మీ అమ్మ ఏడుస్తుందన్న సంగతి నాకు తెలియదు. ఆ మాట దగ్గర ఉత్తరం మడిచి పెట్టాను. రెండు దినాలు అంగడిలో ఎవరడిగిన దానికీ సరిగా జవాబు చెప్పలేదని మీ అత్త అంటుంది.

నిన్న కావేరిపట్టణం పోయాను. సంచిలో మాండలిన్, వరదప్ప దగ్గర అడిగి తెచ్చుకున్న టేప్‌రికార్డర్. వాళ్ల వీధి మొదట్లో ఒకసారి వెనక్కి తిరిగాను. దారిన పోయే ఆదెప్ప చూసి "ఏమప్పా, తమ్మునింటికా?" అని గట్టిగా అడిగాడు. ఇక పోక తప్పలేదు.

బద్రి మండీలో గంపలు ఎత్తిస్తున్నాడు. మామిడి సీజను అయిపోవచ్చింది, ఊరంతా మాగిన వాసన. నన్ను చూసి చేతిలో పని ఆపాడు. తల నెరిసింది వాడికి, కోమలా. నేను చూడకుండానే నెరిసింది.

"వచ్చినావా అన్నా. ఈడ కూర్చో, ఆడ అంతా తడి."

"కూర్చోను. ఒక పాట వినాల నువ్వు."

"పాటనా? దానికోసరమా ఇంత దూరం వచ్చినావు?"

"ఇంగ దేనికొస్తాను?"

చేతులు తుడుచుకుని నన్ను లోపలికి తీసుకుపోయాడు. గంపల మధ్య కూర్చుని ఇద్దరం విన్నాం. వాడు చెంప మీద చేయి వేసుకుని కళ్లు మూసుకున్నాడు, తాత వినేటప్పుడు అలాగే కూర్చునేవాడు. పాట అయిపోయాక టేప్ నేనే ఆపాను.

"ఎంతమందిరా?" అన్నాను.

నా మొహం వంక చూశాడు. "ఇద్దరే అన్నా. అనుమానమే లేదు" అన్నాడు. "పాట నడిపేవాడు తమ్ముడు. పక్కన ఆనుకోని పొయ్యేవాడు అన్న."

"కాదురా, నడిపేవాడే అన్న."

"యాడన్నా, ఆ దుడుకు చూడు, అది చిన్నోడిదే!"

ఆ విషయం మీద ఇద్దరం కొట్లాడుకున్నాం. ఆరేళ్లకు కొట్లాడుకోవడం ఎంత బాగుందో చెప్పలేను. మరదలు మనోరమ కాఫీ తెచ్చి మమ్మల్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియదు.

ఇకనుంచి రోజూ అంగడి కట్టేశాక వాడే కృష్ణగిరికి వస్తానన్నాడు. ఆ దొరసానికి చెప్పు, పాట వస్తుందని. ఇంతకూ రెండో ఆయన ఎవరట? నువ్వు అడుగుతానని రాశావు.

మామ


హోసూరు
12 ఆగస్టు 1984

పెద్దమామకు, చిన్నమామకు దండాలు.

ఇద్దరి పేర్లూ ఒకే ఉత్తరంలో రాసి ఎన్నాళ్లయింది! అమ్మకు కార్డు వేశాను. ఆమె జవాబులో సగం అక్షరాలు తడిసి ఉన్నాయి.

రెండో ఆయన గురించి అడిగారు. మార్తాను అడిగాను. ఆమె నవ్వింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే కదా, మాట వేరేవైపు మళ్లింది. నిదానంగా చెబుతాను. మీరు మాత్రం సాధన ఆపవద్దు. ఏ కారణానికీ ఆపవద్దు మామా.

మీ కోమల


కృష్ణగిరి
28 ఆగస్టు 1984

చి. కోమలకు,

నీలిగడ్డి బాగానే మొలుస్తోంది. మా వీధి అంతటికీ ఈ పాట కంఠతా వచ్చేసింది. పక్కింటి మునివెంకటమ్మ వాకిలి ఊడుస్తూ అదే కూనిరాగం తీస్తోంది, గమకాలతో సహా.

నీకు మాత్రమే ఒక మాట రాస్తాను. బద్రి చేయి నా చేయి కన్నా మేలు. ఆరేళ్లు మండీలో గంపలు ఎత్తించినవాడి చేయి అలా ఉండకూడదు. వాడు ఎవరికీ చెప్పకుండా సాధన చేస్తూనే ఉన్నాడు. ఆ పరుగులో ఒక్క స్వరం నలగదు, ఒక్క స్వరం ఒలకదు. పక్కన పంచమం పట్టుకుని నేను నడుస్తుంటే, ఇంతటివాడు నా తమ్ముడా అని గర్వంగా ఉంటుంది. ఈ మాట వాడితో అన్నాననుకున్నావా? "పరవాలేదు, కానీరా" అన్నాను. వాడు దానికే చిన్నపిల్లవాడిలా మురిసిపోయాడు.

పాట నడిపేది తమ్ముడే అని ఒప్పుకున్నాను. ఇది కూడా వాడికి చెప్పలేదు.

ఎప్పుడు రావాలో రాయి.

మామ


హోసూరు
16 సెప్టెంబర్ 1984

పెద్దమామకు,

ఈ ఉత్తరం మీరు ఒక్కరే చదవాలి. ముందు కూర్చోండి.

ఈ నెల ముప్పై ఆదివారం రికార్డింగ్. మార్తా ఆ వారంలోనే బయలుదేరుతుంది. పెద్దాయనకు బాగా లేదు, కబురు మీద కబురు వస్తోంది. మీరిద్దరూ వచ్చేసరికి ఆమె తప్పకుండా నవ్వుతూ ఒక సంగతి చెప్పేస్తుంది. అది ఆమె నోట వినడం కన్నా నా ద్వారా తెలియడం మేలని రాస్తున్నాను.

ఆ క్యాసెట్‌లో ఇద్దరు లేరు మామా. ముగ్గురూ లేరు. ఆయన ఒక్కడే.

ఆయన మాండలిన్‌కు ఎనిమిది తీగలున్నాయి. ఒక్క దెబ్బకు పక్కపక్క జతలు రెండూ మోగిస్తాడు, ఒకదాని మీద పాట, ఇంకోదాని మీద తోడు. మనం ఒకసారికి ఒకటే స్వరం వాయించేవాళ్లం కాబట్టి మనకు ఇద్దరిలా వినబడింది. చెక్క మీద తాళం ఆయన బూటు కాలు. అడిగిన సాయంత్రమే మార్తా నా మాండలిన్ తీసుకుని చేసి చూపించింది. బెంగళూరు నుంచి జంట తీగలు తెప్పించి నేనూ నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ పాట నేను ఒక్కదాన్నే వాయించగలను. ఆమె అప్పుడే రికార్డు చేస్తానంది. ముప్పైదాకా ఆగమని బతిమాలింది నేనే.

చేతికి వచ్చాక మీకు ఆ మాట రాద్దామని ఆగి, కార్డు తీసేసరికి కావేరిపట్టణం పోయివచ్చిన మీ ఉత్తరం అందింది. ఎలా రాయను? ఇద్దరన్నదమ్ములు ఉన్నారనుకుని మీరు తమ్ముడింటికి పోయారు. అన్నదమ్ములే లేరని తెలిస్తే, ఇంక నా అవసరం ఏముందని చిన్నమామ వెళ్లిపోతాడేమో, మీరూ ఆపరేమో. నన్ను ఎంతైనా తిట్టండి. పెద్దవాళ్లను బొమ్మల్లా ఆడించానని అనండి, పడతాను. కానీ రావడం మానవద్దు. వస్తే ఇద్దరూ కలిసి రండి. ఒక్కరు వస్తే అమ్మ మొహం నేను చూడలేను.

కోమల


కృష్ణగిరి
2 అక్టోబర్ 1984

చి. కోమలకు,

క్షేమంగా ఇల్లు చేరాం. నీ ఉత్తరానికి జవాబు రాయలేదని ఆదివారం గుమ్మంలో నువ్వు బిక్కమొహం వేసుకుని నిలబడ్డావు. మా ఇద్దరినీ కలిపి చూసి ఒక్కసారి నవ్వావు చూడు, ఆ నవ్వు కోసం ఇంకో అబద్ధం చెప్పినా క్షమిస్తాను.

మేమిద్దరం వాయించింది బాగానే వచ్చింది. గమకం రెండు చోట్ల దొంగతనంగా దూరింది, అది నాదే. ఆ తరువాత నువ్వు ఒక్కదానివే వాయించావు. తల్లీ, ఆ పాట ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఒకే చేతిలో ఇద్దరు నడుస్తున్నారు! వెళ్లేవాడు వెళుతూ ఉంటే, వాడు వదిలి వచ్చిన ఇల్లు పక్కనే వెంట వస్తోంది. ఆ మార్తా పమిట లాంటి గుడ్డతో కళ్లు తుడుచుకోవడం అందరూ చూశారు, నేను తుడుచుకోవడం ఎవరూ చూడలేదు. నా దగ్గర నేర్చుకున్నదానివే, కానీ నేను నేర్పనిది వాయించావు. ఏ గురువుకైనా ఇంతకన్నా ఏం కావాలి?

ఆ పెద్దాయనను తలుచుకుంటే ఇంకా ఆశ్చర్యం. ఎక్కడి కొండ, ఎక్కడి కృష్ణగిరి. ఆయన ఒక్కడే వసారాలో కూర్చుని వాయించుకున్నది, ఇక్కడ ఇద్దరు మనుషులు పంచుకోవలసి వచ్చింది. మార్తా విమానం దిగి ఇల్లు చేరేదాకా ఆయన ఊపిరి నిలబడి ఉండాలని నిన్న స్వామికి కొబ్బరికాయ కొట్టించాను. బద్రి కూడా కొట్టించాడు, వేరేగా.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నీ ఉత్తరం చదివి నేను మండిపడ్డాను. నిన్నటి పిల్ల నన్ను ఆడించిందని. తరువాత భయం వేసింది. వాడితో ఎలా చెప్పాలి? సాధనకు రోజూ వస్తాడు, రోజూ చెప్పాలనుకుంటాను, వాడు తీగ మీటగానే రేపు చెబుదాంలే అనుకుంటాను. అలాగే ఆదివారం వచ్చింది. కృష్ణగిరి బస్టాండులో హోసూరు బస్సు కోసం నిలబడ్డాం. ఆమె నోట వింటే వాడు అందరి ముందూ చిన్నబోతాడు, మళ్లీ ఆ భజన నాటి లాగా అయిపోతుంది. ఇక లాభం లేదని జేబులోంచి నీ ఉత్తరం తీసి వాడి చేతికిచ్చాను.

నిలబడే చదివాడు. మడిచి నాకిచ్చాడు.

"అది నాకు మొదటి దినమే తెలుసన్నా" అన్నాడు. "సేలం పోయినప్పుడు ఒక ట్రూపులో మాండలిన్ ఆయన అట్ల వాయిస్తా ఉంటే చూసినాను. క్యాసెట్ వింటానే ఒక్కడే అని తెలిసిపాయ."

"మరి ఇద్దరని ఎందుకు చెప్పినావురా?"

వాడు నా వంక చూడలేదు. బస్సు వచ్చే దిక్కుకు చూస్తూ చెప్పాడు.

"ఆరేండ్లకు నా అంగడి మెట్టు ఎక్కినావు. ఒక్కడే అని చెప్పుంటే, అట్లనా అని చెప్పి ఆ పెట్టె ఎత్తుకొని పొయ్యుంటావు గదన్నా."

ఉత్తరం జేబులో పెట్టుకున్నాను. బస్సు వచ్చింది. ఆదివారం కదా, ఒకటే తోపులాట. వాడు ముందు ఎక్కి, టవలు పరిచి నాకు కిటికీ పక్కన చోటు పట్టాడు.

మామ